పురిటి గది కిటికీకి స్నానం

గవర్నమెంటు ఉద్యోగికి ఎప్పుడు రిటైరవ్వాలో గవర్నమెంటు చెప్తుంది. పెయింటర్‌కి భుజం చెప్తుంది. నా కుడి భుజం నలభై నిండకుండానే ఆ మాట చెప్పేసింది. డాక్టరుగారు ఫిల్ముని వెలుతురుకి పెట్టి చూసి, "ఇంక పైకి చెయ్యెత్తే పని పెట్టుకోకండి" అన్నారు. చిన్నప్పట్నుంచీ సీలింగు వైపు చూస్తూ బతికినవాడికి అంతకన్నా పెద్ద రిటైర్మెంటు ఆర్డరు ఏముంటుంది? సన్మానం జరగలేదు, శాలువా కప్పలేదు. మా ఆవిడ భుజానికి నొప్పి మందు రాసి, చేతికి సూది ఇచ్చింది.

ఇప్పుడు కొత్తపేటలో ఆవిడ టైలరింగు షాపులో కూర్చుని బొత్తాలు కుడుతున్నాను. కొత్తగా బ్రష్షు పట్టిన కుర్రాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి, "అబ్బులన్నా, ఏ రంగు ఎన్నాళ్ళు ఉంటుంది? రోలరు మంచిదా, బ్రష్షు మంచిదా?" అని అడుగుతుంటారు. అవన్నీ రంగుల షాపువాడు చెప్తాడు, వాడికి అందులో లాభం ఉంది కాబట్టి బాగా చెప్తాడు. నేను చెప్పాలనుకున్నది వెయ్యడం గురించి కాదు, తియ్యడం గురించి. వెయ్యడం అందరూ నేర్పుతారు. పాత రంగు తియ్యడం మటుకు ఎవరూ నేర్పరు, ఎందుకంటే గీకడానికి ఏం నేర్పాలి అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇత్తడి లాంపు

నాకు పని నేర్పింది సూరిబాబు మేస్త్రి గారు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన రంగు వెయ్యని గుమ్మం లేదు. మనిషి సన్నం, గొంతు లావు. ఆయన దగ్గర ఇత్తడి బ్లో లాంపు ఒకటి ఉండేది. కిరసనాయిలు పోసి, గాలి కొట్టి ముట్టిస్తే బుర్రుమని నీలం మంట వచ్చేది. ఆ మంటని పాత రంగు మీద ఆడిస్తే రంగు బుడగలు కట్టి, ముడుచుకుని, పొగలు కక్కుకుంటూ లేచిపోయేది. వెనకాలే బ్లేడుతో ఒక్క తోపు తోస్తే పాము కుబుసంలా ఊడి వచ్చేది.

నిజం చెప్పాలంటే అది చూడ్డానికి చాలా బావుండేది. ఆ చప్పుడూ, టర్పెంటు వాసనా, అవిసె నూనె వాసనా, మధ్యాహ్నం కొబ్బరిచెట్టు నీడలో కారియర్లు విప్పితే అన్నంలో కూడా అదే వాసన. ఇప్పటికీ ఎక్కడైనా టర్పెంటు డబ్బా మూత తీస్తే నాకు ముందు ఆకలేస్తుంది. మనిషి ముక్కుకి బుద్ధి ఉండదని నా అభిప్రాయం.

మేస్త్రి గారు పని మధ్యలో చేతులు కడుక్కోవడాన్ని సోమరితనం కింద లెక్కేసేవారు. "రంగు అంటని చెయ్యి పెయింటర్ చెయ్యి కాదురా" అనేవారు. ఆ చేత్తోనే బీడీ, ఆ చేత్తోనే బజ్జీ. తలకి తువ్వాలు, ముక్కుకీ అదే తువ్వాలు, చివర్లో ముఖం తుడుచుకోడానికీ అదే. సాయంత్రానికి ఆ తువ్వాలు ఏ రంగులో ఉంటే ఆ ఇంట్లో పని అయినట్టు.

ఆయన చాలా మంచి గురువు. నాకు నేర్పినదాంట్లో సగం తప్పు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం కాదు.

నీళ్ళు కొట్టే కుట్టప్పన్

తర్వాత అందరిలాగే నేనూ గల్ఫ్ వెళ్ళేను. అక్కడ పాత బడి ఒకటి బాగుచేస్తున్నారు. మా ఫోర్‌మ్యాన్ కుట్టప్పన్ అని మలయాళీ ఆయన. మొదటి రోజు నేను ఉప్పు కాగితం తీసుకుని తలుపు మీద జోరుగా రుద్దుతుంటే పరిగెత్తుకొచ్చి చేతిలోంచి లాగేసుకున్నాడు. బంగారం ఏమైనా దొరికిందేమో అనుకున్నాను. పిచికారీ సీసా చేతిలో పెట్టి, వచ్చీరాని హిందీలో, "ముందు నీళ్ళు. తర్వాత గీకు. దుమ్ము లేచిందా, నువ్వు ఇంటికి" అన్నాడు.

ఆయన చెప్పింది ఇంతే. పాత ఆయిలు పెయింట్లలో సీసం కలిపేవారు, రంగు నిగనిగలాడాలనీ, తొందరగా ఆరాలనీ. గోడకి గట్టిగా అతుక్కుని ఉన్నంతకాలం అది ఎవరి జోలికీ రాదు. పెచ్చులు లేచినా, పొడిగా రుద్దినా, మంట పెట్టినా అప్పుడు బయల్దేరుతుంది. దుమ్మై పొట్టలోకి, పొగై ఊపిరితిత్తుల్లోకి. పెద్దవాళ్ళకి కడుపులో నొప్పి, చేతుల వణుకు, రక్తం తగ్గడం. పసిపిల్లలకైతే మెదడు ఎదగడం దగ్గరే దెబ్బ కొడుతుంది. కడుపుతో ఉన్న మనిషి పీలిస్తే తల్లి రక్తంలోంచి బిడ్డకి చేరుతుంది.

నేను అక్కడున్నన్నాళ్ళూ తలుపులకి నీళ్ళు కొట్టేను, మనసులో మటుకు కుట్టప్పన్‌ని వెక్కిరిస్తూనే కొట్టేను. తిరిగొచ్చేటప్పుడు అందరూ సెంట్లూ దుప్పట్లూ తెచ్చుకుంటే నా పెట్టెలో అదనంగా సీసాన్ని పట్టే పుల్లల పొట్లం ఒకటుంది. రంగు మీద రుద్దితే సీసముంటే కొస ఎర్రబడుతుంది. ఎందుకు తెచ్చుకున్నానంటే, ఊరికే ఇచ్చేరు కాబట్టి.

రాయుడుగారి ఇల్లు

వచ్చిన నెలకి మేస్త్రి గారు కబురు పెట్టేరు. కొత్తపేటకి దగ్గర్లో సుబ్బారాయుడుగారని కొబ్బరి రైతు. వాళ్ళ అమ్మాయి ప్రసన్నకి ఏడో నెల. తొలి పురుడు పుట్టింట్లోనే కాబట్టి వచ్చే వారం తీసుకొస్తున్నారు. మా వైపు ఆడపిల్ల పురిటికి వస్తోందంటే ఇంటికి రంగు వెయ్యాల్సిందే. పెళ్ళికెంత హడావుడో దీనికీ అంతే. ప్రసన్నకి అంతకుముందు ఒకసారి నిలవలేదు. అందుకని వాళ్ళమ్మ అన్నపూర్ణమ్మగారు ఈసారి ఏ లోటూ రాకూడదని పట్టుబట్టి, పురిటి గది కిటికీలకీ, వీధి గుమ్మం తలుపులకీ పాత రంగంతా తీసేసి కొత్తగా వెయ్యమన్నారు.

ఆ కిటికీలు పాత టేకువి. ఎన్ని కోట్లు పడ్డాయో రెక్కలు మూసుకోవడం ఎప్పుడో మానేశాయి. మూసినప్పుడల్లా ఒకదాన్నొకటి రాసుకుని అంచుల్లో పొడి రాలుతోంది. మేస్త్రి గారు అప్పటికే లాంపుకి గాలి కొడుతున్నారు. పైన ఫాను ఫుల్లు స్పీడులో తిరుగుతోంది, ఉక్కగా ఉంది మరి.

"మేస్త్రి గారూ, ఒక్క నిమిషం ఆగండి."

"ఏంట్రా?"

"చిన్న పరీక్ష చేద్దామండి."

బ్లేడుతో కిటికీ అంచున ఏటవాలుగా చెక్కతో సహా చిన్న గాటు పెట్టేను. కోట్లన్నీ వరసగా బయటపడ్డాయి. పైన మీగడ రంగు, కింద ఆకాశ నీలం, దాని కింద ఆకుపచ్చ, అడుగున ఇటుక రంగు. రాయుడుగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసేరు.

"ఒరే, ఈ ఆకుపచ్చ మా పెద్దక్క పెళ్ళికి వేసింది. ఈ నీలం ప్రసన్న పుట్టినప్పుడు."

"ఆ నీలం నేనే వేసేనండి," అన్నారు మేస్త్రి గారు. "అసలు సిసలు సరుకు. ఇప్పుడు దొరకదు."

పుల్ల రుద్దేను. కొస ఎర్రగా తిరిగింది. కిటికీలో ఊడిన నీలం పెచ్చు ఒకటి రాయుడుగారు మెల్లిగా తీసి చొక్కా జేబులో వేసుకోబోయేరు. చెయ్యి పట్టుకున్నాను.

"అది జేబులో పెట్టుకునే జ్ఞాపకం కాదండి."

అన్ని జ్ఞాపకాల్లోనూ విషం ఉంటుందనడం లేదు. దీంట్లో ఉంది.

ఫాను ఆపి, కుట్టప్పన్ చెప్పిందంతా చెప్పేను. లాంపు వద్దు, ఎండు గీకుడు వద్దు, పని అయ్యేదాకా అమ్మాయి ఈ ఇంట్లో అడుగు పెట్టకూడదు అన్నాను. రాయుడుగారు మేస్త్రి గారి వంక చూసేరు. మేస్త్రి గారు లాంపు వంక చూసేరు.

"నా వయసెంత్రా? నీకు బ్రష్షు పట్టుకోడం రాకముందు నుంచీ ఈ పొగ పీలుస్తున్నాను. నాకేవఁయ్యింది?"

ఆ మాట అంటూ అన్నపూర్ణమ్మగారిచ్చిన టీ గ్లాసు అందుకున్నారు. గ్లాసు వణికి టీ సాసర్లోకి తొణికింది. ఆ వణుకు సీసం వల్లో, వయసు వల్లో, కోపం వల్లో నాకు తెలీదు. నేను డాక్టర్ని కాను. కానీ ఆ గదిలో ఎవరూ ఆ గ్లాసు వంక చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు.

"నీ పుల్లలూ నువ్వూ ఊరేగండి," అని ఆయన లాంపు చంకన పెట్టుకుని మోపెడ్ మీద వెళ్ళిపోయేరు. సినిమాల్లో అయితే ఇక్కడ ఉరుము ఉరుముతుంది. మోపెడ్ స్టార్టవ్వలేదు. నేనే వెనకనుంచి తోసేను.

పని ఎలా చేసేమంటే

అనుభవం పేరుతో కథలు చెప్పి అసలు విషయం ఎగ్గొట్టే అలవాటు మా పెద్దలకుంది. అందుకని ఇది మటుకు వివరంగా చెప్తాను.

ముందు, తియ్యాలా వద్దా అని చూసుకో. పాత రంగు గట్టిగా ఉండి, ఎక్కడా లేవకుండా ఉంటే దాని జోలికి పోకు. తడిగుడ్డతో శుభ్రం చేసి పైన కొత్త కోటు వేసి మూసెయ్యి. ఏ పనైనా చెయ్యకపోవడమే మంచి పని అయ్యే సందర్భం జీవితంలో అరుదుగా వస్తుంది, వదులుకోకు. రాయుడుగారి కిటికీలు రాసుకుని పొడి రాలుతున్నాయి కాబట్టి తియ్యక తప్పలేదు. పరీక్ష పుల్లలు ఒక్కోసారి అబద్ధం చెప్తాయి. పాత ఆయిలు పెయింటయితే పుల్ల చెప్పినా చెప్పకపోయినా సీసం ఉందనే అనుకో. ఇప్పుడు రంగుల్లో సీసం కలపకూడదని చట్టం వచ్చింది నిజమే, పాత కోట్లకి ఆ సంగతి తెలీదు.

గదిలో సామాన్లన్నీ బయట పెట్టించేను. మంచం, పరుపు, చివరికి గోడ మీద దేవుడి పటాలు కూడా. నేలంతా మందం ప్లాస్టిక్ పట్టా పరిచి అంచులు టేపు వేసేను. పక్క గదిలోకి తలుపు ప్లాస్టిక్‌తో మూసేను. ఫాను బంద్. కిటికీ రెక్కలూ, వీధి గుమ్మం తలుపులూ బందులు విప్పి కొబ్బరితోటలోకి మోసుకెళ్ళి అక్కడ పట్టా మీద పడుకోబెట్టేను. ఊడదీయగలిగింది ఏదైనా ఇంట్లో గీకొద్దు. గాలి ఎక్కువగా ఉన్న పూట తోటలో కూడా గీకొద్దు.

తర్వాత నీళ్ళు. పిచికారీ కొట్టు, నాననివ్వు, గీకు, మళ్ళీ కొట్టు. పొడిగా కనిపించిన చోట బ్లేడు పెట్టకు. ముక్కుకి తువ్వాలు పనికిరాదు. గుండ్రటి ఫిల్టర్లుండే రబ్బరు మాస్కు దొరికితే అది, లేకపోతే కనీసం ఎన్-95, అదీ ముక్కు మీద. కరోనా వచ్చి వెళ్ళినా మనవాళ్ళు ఇంకా గడ్డానికే కడతారు. గడ్డం గాలి పీల్చదు.

గదిలో తినకు, తాగకు, బీడీ ముట్టించకు. బయటికొచ్చేముందు బట్టలు మార్చుకో. చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కో, ఆ తర్వాతే టీ. పని బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతికించకు. ఆ దుమ్ముని ఇంటికి మోసుకెళ్ళేది మనమే.

చీపురు పట్టుకోవద్దు. చీపురు దుమ్ముని తియ్యదు, దాని చోటు మారుస్తుంది. పెచ్చులన్నీ తడిమీదే ఏరి రెండు మందం కవర్లలో మూటకట్టు. నేలా గోడలూ సబ్బునీళ్ళతో తుడిచి, గుడ్డ మార్చి, మంచినీళ్ళతో మళ్ళీ తుడువు. మన కోనసీమలో చెత్త అనగానే అందరికీ ఒకటే అడ్రసు గుర్తొస్తుంది, కాలవ. ఆ కాలవే కిందూరివాళ్ళ బిందె. మూట కాలవలో వెయ్యకు, తోటలో పాతిపెట్టకు, తగలబెట్టకు. పాత రంగు చెత్త అని పైన రాసి, ఊరి చెత్త తీసుకునేవాళ్ళని అడిగి విడిగా అప్పజెప్పు. నాకు ఎక్కడ అప్పజెప్పాలో కనుక్కోడానికే సగం పూట పట్టింది. దారిలో ముగ్గురు కాలవ చూపించేరు.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి తోటలో మేస్త్రి గారు ఉన్నారు. వీధి గుమ్మం తలుపు ముందు పీట వేసుకుని, నా పిచికారీ సీసాతో నీళ్ళు కొడుతున్నారు. ఎందుకొచ్చేరని అడగలేదు. అడిగితే వెళ్ళిపోయేవారు.

"తలుపుకి స్నానం చేయిస్తున్నార్రా పెయింటర్లు," అన్నారు తల ఎత్తకుండా. "కాస్త సాంబ్రాణి కూడా పట్రా, తల ఆరబెడదాం."

మాస్కు ఇచ్చేను. తిట్టుకుంటూ పెట్టుకున్నారు. మాస్కులోంచి తిట్లు వినపడవు, దానివల్ల ఇదొక లాభం.

వెనక్కి తిరగని గుమ్మం

అంతా బాగానే ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. గురువారం మధ్యాహ్నం, గదిలో గీకుడు సగమే అయింది, నేల మీద తడి పెచ్చులు పడున్నాయి, రాయుడుగారి ఫోను మోగింది.

"నాన్నా, రావులపాలెం దాటేం."

"ఎవరూ, నువ్వేనామ్మా? వచ్చే బుధవారం కదా!"

"వచ్చేవారం మంచిరోజు లేదని మా అత్తగారు ఇవాళే బయల్దేరదీశారు. రేపు శుక్రవారం, పంపరు కదా. అమ్మకి చెప్పేం, చెప్పలేదా?"

అమ్మకి చెప్పేరు. అమ్మ సంబరంలో నాన్నకి చెప్పలేదు. వంటింట్లో అప్పటికే పూర్ణం ఉడుకుతోంది.

అరగంటలో కారు వచ్చి వీధిలో ఆగింది. అన్నపూర్ణమ్మగారు హారతి పళ్ళెంతో ఎదురెళ్ళేరు. నేను మాస్కుతోనే పరిగెత్తేను.

"అమ్మగారూ, లోపలికి వద్దండి. దుమ్ము ఇంకా కడగలేదండి. కడుపులో బిడ్డకి మంచిది కాదు. అంబాజీపేటలో ఉన్న అమ్మాయిగారి పిన్నిగారింటికి తీసుకెళ్ళండి. ఈ వారంలో తేల్చేస్తాం."

"ఏం మాటలు అబ్బులూ అవి? మొదటిసారి కడుపు పండి పుట్టింటి గుమ్మంలోకొచ్చిన పిల్ల వెనక్కి తిరుగుతుందా? ఒకసారి అయిన అనర్థం చాలదూ?"

"సీసం అండీ, రక్తంలోకి..."

"నువ్వు అనకు ఆ మాట! శుభమా అని వస్తే!"

నా సైన్సంతా హారతి పళ్ళెం ముందు ఆరిపోయింది. రాయుడుగారు, "అబ్బులు చెప్పేది కూడా..." అని మొదలెట్టి, భార్య ముఖం చూసి, "నువ్వు చెప్పేది కూడా..." అని ముగించేరు. అల్లుడుగారు ఫోనులో ఏదో వెతుకుతున్నారు. ప్రసన్న ఒక కాలు కారులోంచి బయట పెట్టింది.

"అమ్మా, ఏదో ఒక గుమ్మం తొందరగా చూపించు. కాళ్ళు వాచిపోయేయి."

అన్నపూర్ణమ్మగారు చెయ్యి అందించేరు. అప్పుడు తోటలోంచి గొంతు వినపడింది.

"అమ్మగారండీ!"

మేస్త్రి గారు. మోచేతుల దాకా నీలం నీళ్ళు కారుతున్నాయి. దగ్గరికి రాకుండా దూరంగానే ఆగిపోయేరు. మాస్కు కిందికి లాగి, కారు వంక చూడకుండా, నేల వంక చూస్తూ అన్నారు.

"గుమ్మం అంటున్నారు. గుమ్మం ఎక్కడుందండీ? తలుపులు నా ముందు పడుకున్నాయి. బందులు ఊడదీసి, సగం విప్పిన ఇంట్లోకి చూలాల్ని తీసుకెళ్తారా ఎవరైనా? మీ అత్తగారుంటే ఒప్పుకునేవారా?"

అన్నపూర్ణమ్మగారి చెయ్యి ఆగింది. కడుపుతో ఉన్న మనిషి ఉండగా ఇంటి పని పెట్టుకోకూడదని మా వైపు గట్టి పట్టింపు. మేకు కొట్టడానికి కూడా ఆలోచిస్తారు. అమ్మాయి రాకముందే పని అయిపోతుందన్న ధైర్యంతో ఆవిడ ఆ సంగతి పక్కన పెట్టేరు.

"అయ్యో... నిజమేనండీ, మేస్త్రి గారూ!"

"ఆయ్. తలుపులు నిలబెట్టి, గుమ్మానికి పసుపు రాసేక రప్పించండి. అదీ పద్ధతి. ఈలోగా పిన్నిగారిదీ పుట్టిల్లే కదండీ."

హారతి కారు కిటికీలోంచే ఇచ్చేరు. డ్రైవరుకి కూడా బొట్టు పెట్టేరు, అడ్డంగా ఉన్నాడని. పూర్ణం గిన్నెతో సహా కారు అంబాజీపేట వైపు తిరిగింది.

నేను గుక్కతిప్పుకోకుండా సీసం గురించి చెప్తే జరగని పని, ఆయన ఆ మాటే ఎత్తకుండా జరిపించేశారు. పద్ధతి కోసం అన్నారా, బిడ్డ కోసం అన్నారా అని ఆ సాయంత్రం అడిగేను.

"నీ పుల్ల ఎర్రబడింది కదరా," అన్నారు. "పుల్లకి నామీద పగేముంది, అబద్ధం చెప్పడానికి?"

తర్వాత తలుపు వంక తిరిగి, "ఆ నీలం నేనే వేసేను" అన్నారు. మొదటిరోజు అన్న మాటే. గొంతు వేరు.

మూడో కోటు

పని అయ్యేక రెండుసార్లు కడిగేం. అల్లుడుగారు కిటికీ గట్టూ, నేలా తుడిచిన గుడ్డలు ఏదో ల్యాబుకి పంపించేరు. బాగానే ఉందని వచ్చింది. ప్రసన్న రక్తమూ చూపించుకుంది, అదీ బాగానే ఉంది. సీసం లేదని డబ్బా మీద రాసున్న రంగు తెచ్చి వేసేం. తలుపులు నిలబెట్టిన రోజున అన్నపూర్ణమ్మగారు గుమ్మానికి పసుపు పూస్తూ కొత్త రంగంతా పాడుచేసేరు.

ఆడపిల్ల పుట్టింది. బారసాలకి మా ఇద్దరినీ పిలిచేరు. మేస్త్రి గారు తెల్ల చొక్కా వేసుకొచ్చేరు. రాగానే పెరట్లో కుళాయి దగ్గరికెళ్ళి సబ్బు అడిగి, మోచేతుల దాకా ఒకసారి కడుక్కున్నారు. తుడుచుకుని, చూసుకుని, మళ్ళీ కడుక్కున్నారు. రెండు కోట్లన్నమాట. పురిటి గదిలో కిటికీ రెక్కలు హాయిగా మూసుకుంటున్నాయి. ఆయన ఒకటి మూసి, తెరిచి, వేలితో అంచు రాసి, ఆ వేలు వెలుతురుకి పెట్టి చూసుకున్నారు. అప్పుడు చేతులు చాచేరు.

ప్రసన్న పిల్లని ఇచ్చింది. చెయ్యి వణకకుండా ఉండాలని మోచెయ్యి పొట్టకి ఆనించి పట్టుకున్నారు. ఇక్కడ నాలుగు మంచి మాటలు రాయాలి. రాసేవాణ్ణే, ఆ పిల్ల అవకాశం ఇవ్వలేదు. తెల్ల చొక్కా గుండె దగ్గర్నుంచి పొట్ట దాకా వెచ్చగా తడిపేసింది.

అన్నపూర్ణమ్మగారు "అయ్యయ్యో" అంటూ తువ్వాలుకి పరిగెత్తేరు. మేస్త్రి గారు కదల్లేదు. తల వంచి ఆ తడిని పరీక్షగా చూసుకుని, నా వైపు తిరిగేరు.

"చూసేవురా, అబ్బులూ? దీనికి పుట్టుకతోనే తెలుసు. ముందు తడపాలి."